పెళ్లి బ్యాండుతో జస్ట్ ఇంటొనేషన్: పట్టిక పక్కన పెట్టి గొట్టం దగ్గర మొదలుపెట్టండి

ఒడిశాలోని గుణుపురం నుంచి అడిగిన మిత్రుడి సమస్య క్లుప్తంగా ఇది. ఇరవై రెండు శ్రుతుల పట్టిక దగ్గర పెట్టుకుని జస్ట్ ఇంటొనేషన్‌లో, అంటే స్వరాల మధ్య అంతరాలు 3/2, 5/4 లాంటి సరళ నిష్పత్తుల్లో ఉండేలా, ఒక రచన చేశారు. ప్రతి స్వరం నెత్తి మీదా ఇన్ని సెంట్లు పైకి, ఇన్ని సెంట్లు కిందికి అని రాశారు (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). ఊళ్లో పెళ్లిళ్లకు వాయించే బ్యాండు వాళ్లను ఒప్పించారు: రెండు ట్రంపెట్లు, రెండు యుఫోనియంలు (ట్రంపెట్ కంటే మంద్రంగా పలికే పెద్ద ఇత్తడి వాయిద్యాలు), ఒక స్లైడు ట్రోంబోన్ (వాల్వుల బదులు గొట్టాన్ని జార్చి వాయించేది). కొద్ది రోజులు సాధన చేశాక బ్యాండు మాస్టారు 'ఇది మావల్ల అవ్వదు బాబూ' అనేశారు. ఫోన్లో ట్యూనర్ యాప్ ఎంతసేపూ ఎర్రగానే ఉంటోంది. వాయిద్యాలు చవకరకం కావడం వల్లనా, క్వార్టర్ టోన్ ట్రంపెట్ తెప్పించుకోవాలా, రాసిందంతా చింపెయ్యాలా అని అడుగుతున్నారు.

మూడింటికీ జవాబు ఒకటే: అక్కర్లేదు. రాయగడ, కోరాపుట్ వైపు బ్యాండ్లకు పార్టులు రాసిచ్చే పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి మీ మాస్టారి మాటలో నాకు తప్పు కనబడటం లేదు. మీరిచ్చిన కాగితం వయొలిన్‌కు పనికొస్తుంది. వేలు ఎక్కడ పెడితే అక్కడ స్వరం పలుకుతుంది కాబట్టి అక్కడ పట్టిక నడుస్తుంది. ఇత్తడి గొట్టం అలా కాదు. ఒక పొడవున్న గొట్టం తనకు ఇష్టమైన కొన్ని స్వరాలే ఇస్తుంది. అవి ఒక ప్రాథమిక స్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా పేర్చుకుంటూ పోయే అనుస్వరాలు (హార్మోనిక్స్). మౌత్‌పీసు, చివర గంటలా విచ్చుకునే నోరు, వీటి ఆకారాల వల్ల అసలు వాయిద్యంలో కొన్ని సెంట్ల తేడా వస్తుంది గానీ వరస మాత్రం ఇదే. అంటే మీరు పట్టికలో వెతుకుతున్న జస్ట్ ఇంటొనేషన్ చాలావరకు ఆ గొట్టంలోనే ఉంది. వాయించేవాడు దాన్ని కీబోర్డుకు సరిపడేలా పెదవితో సర్దడం కష్టపడి నేర్చుకున్నాడు. ఇప్పుడు మీరొచ్చి ఆ సర్దిన స్వరాన్ని మళ్లీ 14 సెంట్లు వెనక్కి సర్దమంటున్నారు.

క్వార్టర్ టోన్ ట్రంపెట్ సంగతి ముందు తేల్చేద్దాం. దాని నాలుగో వాల్వు స్వరాన్ని 50 సెంట్లు దించుతుంది. మీకు కావలసిన తేడాలు 14, 22, 31. ఆ డబ్బు రిహార్సల్‌కు వచ్చేవాళ్ల భోజనాలకు పెట్టండి. ఇక వాయిద్యాల నాణ్యత అంటారా, మన వైపు బ్యాండ్లలో కనబడే వాటిలో చాలా భాగం మేరఠ్ జలీ కోఠీ సరుకే. వాటి వాల్వులు కొంచెం కారవచ్చు, స్లైడ్లు (లాగితే జారే గొట్టం ముక్కలు) బిగుసుకుపోయి ఉండవచ్చు. కానీ అనుస్వరాల వరస మేరఠ్‌లో ఒకలా, జర్మనీలో ఒకలా ఉండదు.

ఇప్పుడు గొట్టంలో ఏముందో చూద్దాం. బీ ఫ్లాట్ ట్రంపెట్‌లో ఏ వాల్వూ నొక్కకుండా వచ్చే బీ ఫ్లాట్‌ను సా అనుకోండి. రెండో అనుస్వరం సా, మూడోది పా, నాలుగోది మళ్లీ సా, అయిదోది అంతర గాంధారం. తంబురా మంద్ర తీగలో తనంతట తాను వినబడే స్వయంభూ గాంధారం ఇదే: సాకు 5/4 రెట్లు, అంటే సా నుంచి 386 సెంట్లు. కీబోర్డు గాంధారం 400 దగ్గర ఉంటుంది. ఆరోది పా. ఏడోది 969 సెంట్ల దగ్గర పడే ఒక వింత నిషాదం, దాని గురించి కింద చెబుతాను. ఎనిమిది సా, తొమ్మిది 204 సెంట్ల చతుశ్రుతి రిషభం. పదకొండోది 551 దగ్గర శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ మధ్యలో ఉంటుంది. పదమూడోది 841 దగ్గర రెండు ధైవతాల మధ్య పడుతుంది. ట్రంపెట్ మీద పదకొండు, పదమూడు అందుకోవడం పెళ్లి ఊరేగింపులో రాత్రంతా ఊదే మనిషికి పెట్టాల్సిన పరీక్ష కాదు. వదిలేయండి.

ఈ వరసలో శుద్ధ మధ్యమం లేదు, 5/3 ధైవతం లేదు. వాటికి వేరే గొట్టం కావాలి. వాల్వు చేసే పని అదే, నొక్కినప్పుడల్లా ఒక కొత్త పొడవున్న గొట్టాన్ని చేతికిస్తుంది. అందుకే స్కేలు రాసుకుని దాని మీద రచన చేయవద్దంటాను. ఏ స్వరం ఏ గొట్టానికి ఎన్నో అనుస్వరమో రాసుకుని దాని మీద రచన చేయండి.

ఇక్కడ ఒక లెక్క ఉంది, ఓపిగ్గా చదవండి. వాల్వులు పొడవులను కూడుతాయి. నిష్పత్తులకేమో గుణకారం కావాలి. ఈ రెండూ కుదరకపోవడమే ట్రంపెట్ తయారుచేసేవాళ్ల పాత తలనొప్పి. ఒకటో వాల్వు 200 సెంట్లు, రెండోది 100, మూడోది 300 దించేలా విడివిడిగా సరిచేశారనుకోండి. 1, 3 కలిపి నొక్కితే 500 దిగాలి. లెక్కలో 470 దగ్గరే ఆగుతుంది, స్వరం 30 సెంట్లు ఎక్కువ పలుకుతుంది. మూడూ నొక్కితే తేడా 54 దాకా పోతుంది. కీబోర్డుకు సరిపెట్టాలనుకునేవాడికి ఇది దోషం. మనకు దీన్లో కొంత లాభముంది. 2, 3 కలిపి నొక్కితే 400 బదులు 384 లేదా 385 సెంట్లు దిగుతుంది. స్వచ్ఛమైన 5/4 అంతరం 386. అంటే ఏ స్లైడూ లాగకుండానే ఫ్యాక్టరీ వాడు మీకు 8/5 శుద్ధ ధైవతం మూలంగా (ప్రాథమిక స్వరంగా) ఉన్న గొట్టాన్ని ఉచితంగా ఇచ్చాడు. దాని మూడో అనుస్వరం 6/5 సాధారణ గాంధారం. అయిదో అనుస్వరం మళ్లీ సా. ఆ సా ఖాళీ గొట్టం సాతో కలుస్తోందో లేదో విని 2-3 సరిగ్గా ఉందో లేదో చెప్పేయవచ్చు. యాప్ అక్కర్లేదు.

మిగతావి మూడో వాల్వు స్లైడు రింగుతో (వాయిస్తూనే ఆ స్లైడును వేలితో లాగే కడియంతో) వస్తాయి. ట్రంపెట్ గొట్టం సుమారు 148 సెంటీమీటర్లు. స్లైడు ఒక సెంటీమీటరు లాగితే రెండు పక్కలా కలిపి గొట్టం రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. 2-3 కి రింగు మూసి ఉంచండి. మూడో వాల్వు ఒక్కటే నొక్కి రింగు సుమారు 0.8 సెంటీమీటరు లాగితే 6/5 కిందికి దిగుతారు. అప్పుడు మూలం 5/3 ధైవతం, మూడో అనుస్వరం 5/4 గాంధారం. 1-3 నొక్కి రింగు సుమారు 1.6 లాగితే పూర్తి 4/3 దిగుతుంది, మూలం పంచమం, మూడో అనుస్వరం 9/8 రిషభం, అయిదోది 15/8 కాకలి నిషాదం. రింగుకు మూసినది, సగం, పూర్తి అని మూడు స్థానాలు. వేలు వీటిని తొందరగానే గుర్తుపెట్టుకుంటుంది. కొందరు తయారీదారులు మూడో వాల్వు గొట్టాన్ని ముందే కాస్త పొడవుగా పెడతారు కాబట్టి నా అంకెల మీద కాకుండా చెవి మీద ఆధారపడి గుర్తులు పెట్టుకోండి. ఒకటో వాల్వు స్లైడు మాత్రం రెండు మిల్లీమీటర్లు లాగి వదిలేయండి, 9/8 కి సరిపోతుంది. దాని మూలం 16/9 కైశికి నిషాదం, మూడో అనుస్వరం శుద్ధ మధ్యమం, అయిదోది 10/9 చిన్న రిషభం.

మూడో స్లైడుకు రింగు లేని ట్రంపెట్లు మన బ్యాండ్లలో చాలానే ఉంటాయి. రింగు అతికించడం పెద్ద పనేం కాదు. పర్లాకిమిడి దాటి శ్రీకాకుళం జిల్లాలోకి వస్తే బుడితి ఉంది, ఇత్తడి పనికి పేరున్న ఊరు. అంతదూరం ఎందుకనుకుంటే బిందెలకు మాట్లు వేసేవాడికైనా చేతనవుతుంది, వేడి స్లైడు లోపలి గొట్టానికి తగలకుండా చూసుకోమనండి. అంతకంటే ముందు బిగుసుకుపోయిన స్లైడ్లను వదులు చేయించండి. గ్రీజు లేని స్లైడుతో ఈ పద్ధతి ఒక్క అడుగు కూడా సాగదు.

ఇప్పుడు చేతిలో ఏముందో చూడండి. ఖాళీ, 1, 3, 1-3, 2-3 అనే అయిదు గొట్టాలు. వాటి కింది అనుస్వరాల్లోనే సా, రెండు రిషభాలు, రెండు గాంధారాలు, మ, ప, రెండు ధైవతాలు, రెండు నిషాదాలు వచ్చేశాయి. ముఖ్యంగా ఆ రెండు రిషభాలు గమనించండి. ఒకటో వాల్వు అయిదో అనుస్వరం 10/9, 182 సెంట్లు. 1-3 ఆరో అనుస్వరం 9/8, 204 సెంట్లు. మీరు పట్టికలో చూసి మాస్టారికి '22 సెంట్లు తగ్గించండి' అని చెప్పారే, ఆ ప్రమాణ శ్రుతి అంతరం ఇదే. పెదవితో 22 సెంట్లు తగ్గించమంటే ఒక్కోసారి 15, ఒక్కోసారి 40 వస్తుంది, పైగా నాదం చచ్చిపోతుంది. 'ఒకటితో వాయించు', 'ఒకటి-మూడుతో వాయించు' అంటే ప్రతిసారీ అదే వస్తుంది. పెదవితో కిందికి లాగడమైనా కొంత నయం, పైకి నెట్టమని ఎవరినీ అడగకండి.

యుఫోనియం దగ్గర ఆశ తగ్గించుకోవాలి. పొడవుల కూడిక సమస్యకు డేవిడ్ బ్లెయిక్లీ 1874లోనే కాంపెన్సేటింగ్ వాల్వు కనిపెట్టాడు గానీ అది ఖరీదైన వాయిద్యాల్లో ఉంటుంది. మీ దగ్గరున్నవి మామూలు మూడు వాల్వులవి అయివుంటాయి, వాయిస్తూ స్లైడు లాగే వీలుండదు. కాబట్టి వాటికి ఖాళీ, 1, 2-3 మాత్రమే ఇవ్వండి. ఆ మూడింటికి రింగు అక్కర్లేదు. బేసు పని, పొడుగాటి స్వరాలు, ఏడో అనుస్వరం వాళ్లకు పెట్టండి. ట్రంపెట్ కంటే రెట్టింపు గొట్టం కాబట్టి ట్రంపెట్‌కు గొంతు చించుకునే ఏడో అనుస్వరం యుఫోనియంకు హాయిగా అందుతుంది.

ట్రోంబోన్ మీ బ్యాండులో ఉండటం అదృష్టం. పెళ్లి బ్యాండ్లలో స్లైడు ట్రోంబోన్ ఉన్నవి తక్కువ. దాని గొట్టం సుమారు 275 సెంటీమీటర్లు. మొదటి స్థానం దగ్గర స్లైడు 1.1 సెంటీమీటరు కదిపితే 14 సెంట్లు, 1.7 కదిపితే 22 సెంట్లు, 2.5 కదిపితే 31 సెంట్లు దిగుతాయి. కింది స్థానాలకు పోయేకొద్దీ ఈ దూరాలు కొంచెం పెరుగుతాయి. వాల్వుల వాళ్లకు అందని స్వరాలన్నీ, ఉదాహరణకు 16/15 శుద్ధ రిషభం, ఇతనికే ఇవ్వండి. అయితే ఇతన్ని గాలికి వదలకండి. ట్రోంబోన్ స్వరం పలికే క్షణానికి యుఫోనియమో ట్రంపెట్టో ఖాళీ గొట్టం స్వరం పట్టుకుని ఉండాలి, దాన్ని ఆనుకుని ఇతను సర్దుకుంటాడు.

సర్దుకోవడం అంటే చెవితోనే. ట్యూనర్ యాప్ మూసేయండి, అది ఈక్వల్ టెంపర్‌మెంట్ (కీబోర్డులోలా పన్నెండు మెట్లూ సమానంగా ఉండే శ్రుతి) పట్టి చూపిస్తుంది కాబట్టి మీ గాంధారం సరిగ్గా ఉన్నప్పుడే ఎర్రబడుతుంది. సా 233 హెర్ట్జ్ దగ్గర పట్టుకుని దాని మీద కీబోర్డు గాంధారం 293.7 పెట్టండి. సా అయిదో అనుస్వరం 1165, గా నాలుగో అనుస్వరం 1175 దగ్గర ఢీకొని సెకనుకు సుమారు తొమ్మిది సార్లు కొట్టుకుంటాయి. ఫిజిక్సు పుస్తకంలో విస్పందనాలు అని చదువుకున్నామే, అవే. గాంధారం 291.3 కు దిగేకొద్దీ ఆ కొట్టుకోవడం నెమ్మదించి ఆగిపోతుంది. ఆగిన చోటే 5/4. అప్పుడు రెండు ట్రంపెట్ల కింద ఎవరూ వాయించని ఒక మంద్ర సా గుమ్మని వినబడుతుంది, రెండు స్వరాల మధ్య తేడా స్వరం అది. మన బ్యాండు వాళ్లకు సెంట్లు చెబితే మొహం చిట్లిస్తారు, ఈ మోత ఒక్కసారి వినిపిస్తే మాత్రం వాళ్లే దానికోసం వెతుక్కుంటారు. చిన్న గదిలో, పైకప్పు సిమెంటుది అయితే ఇంకా బాగా వినబడుతుంది. ఆరుబయట ఈ పాఠం చెప్పకండి.

రిహార్సల్లో కేసియో కీబోర్డు ఉంటే తీసేయించండి. దాని గాంధారం ప్రతిసారీ మీతో పోట్లాడుతుంది. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె పెట్టుకోవచ్చు, కానీ వాయిద్యాలు వేడెక్కాకే దాని శ్రుతి కలపండి. గొట్టంలో గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే స్వరం సుమారు 3 సెంట్లు పెరుగుతుంది. కోరాపుట్ కొండల్లో జనవరి తెల్లవారుజాముకూ గుణుపురంలో మే మధ్యాహ్నానికీ మధ్య ఎంత తేడా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఊదేకొద్దీ ఊపిరి వెచ్చదనం దాన్ని కొంత సరిచేస్తుంది గానీ పూర్తిగా కాదు. గొట్టంలోని నిష్పత్తులు వేడికి చెడవు, అన్నీ కలిసే పెరుగుతాయి. శ్రుతి పెట్టె మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. పక్కన మహురి (సన్నాయి లాంటి ఒడిశా వాయిద్యం) కూడా పెట్టుకోవాలని ఉందన్నారు. పెట్టుకోండి, కానీ సా, పా మీద మాత్రమే.

మీ రచన నడిమి భాగంలో సా, ధ, రి, పా మీద కార్డులు (కలిసి పలికే స్వరాల గుంపులు) వరసగా మారి మళ్లీ సా మీదికి వస్తున్నాయి. ఉమ్మడి స్వరాన్ని పట్టుకుని ఒక్కో కార్డులోకి మారితే ఈ చుట్టు తిరిగేసరికి సా 21.5 సెంట్లు కిందికి జారుతుంది. 5/3 ధైవతానికి స్వచ్ఛంగా కుదిరే రిషభం 10/9, దానికి కుదిరే పంచమం 40/27. అది 3/2 కాదు. మీరు దీన్ని చూసుకోలేదు. అయినా బ్యాండు అక్కడే ఎక్కువ తడబడిందన్నారు కదా, కారణం ఇదే. ట్రోంబోన్ స్వచ్ఛత వెంట జారిపోతాడు, ట్రంపెట్లను ఖాళీ గొట్టం వెనక్కి లాగుతుంది. రెండు దార్లున్నాయి. రిషభం కార్డు మొదలయ్యేటప్పుడు ధైవతం పట్టుకున్నవాణ్ని ఆపేసి, ట్రంపెట్ చేత 1-3 తో 9/8 రిషభం కొత్తగా ఎత్తించడం ఒకటి. లేదా రెండో ట్రంపెట్ మెయిన్ స్లైడును ముందే సుమారు 0.9 సెంటీమీటరు ఎక్కువ లాగి ఉంచి, జారాక వచ్చే స్వరాలన్నీ అతని చేత వాయించడం. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. ఒక ప్రమాణ శ్రుతి తేడాతో ఉన్న రెండు ట్రంపెట్లు ఒకరి తర్వాత ఒకరు అదే పదం పలికితే వినడానికి బాగుంటుంది, వాయించేవాడికి కష్టం ఏమీ లేదు. కాకపోతే ఆ స్లైడు మళ్లీ లోపలికి నెట్టడానికి అతనికి పార్టులో నాలుగు మాత్రల విరామం ఇవ్వండి.

ఏడో అనుస్వరం సంగతి. 7/4 అంటే 969 సెంట్లు, 16/9 కైశికి నిషాదం కంటే 27 తక్కువ. బ్యాండు వాళ్లు దీన్ని చిన్నప్పటి నుంచి తప్పించుకోవడం నేర్చుకున్నారు కాబట్టి మొదట 'అది తప్పు స్వరం సార్' అంటారు. ఇంగ్లండు స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 1943 నాటి సెరెనేడ్‌లో మొదటి, చివరి భాగాలను వాల్వు వాడకుండా సహజ అనుస్వరాల మీదే హార్న్ చేత వాయించమని రాశాడు, అది వినిపిస్తే సగం వాదన తగ్గుతుంది. 4:5:6:7 కార్డులో సా, గా, పా స్థిరపడ్డాక పైన ఏడోది ఎక్కించండి, గుడి గంట మోగి ఆగాక మిగిలే నాదంలా నిలబడుతుంది. కానీ ఖమాస్ రాగం పాడుతున్నట్టు రాసి అందులో కైశికి నిషాదం బదులు దీన్ని పెట్టడం నేను ఒప్పుకోను. మీ మూడో పేజీలో అదే చేశారు. మన చెవి దాన్ని అపశ్రుతిగానే వింటుంది, సిద్ధాంతం ఎంత చెప్పినా. అక్కడ ఒకటో వాల్వు 16/9 వాడండి.

స్వరాలు ఎక్కువ పెడితేనే మైక్రోటోనల్ (కీబోర్డులో దొరకని సూక్ష్మ అంతరాల సంగీతం) అవుతుందనే బెంగ మీ కాగితంలో కనబడుతోంది. అమెరికా స్వరకర్త లా మోంటే యంగ్ 1962 నాటి ఒక రచనలో ఉన్నవి నాలుగే స్వరాలు, 24:32:35:36 నిష్పత్తిలో. తర్వాత దాన్ని మ్యూట్ పెట్టిన ట్రంపెట్లతో వాయించారు. పెళ్లిలో రెండు గంటలు ఒక్క స్వరం మీద నిలబడగల ఊపిరి మన బ్యాండు వాళ్లకు ఉంది, దాన్ని వాడుకోండి.

ఇక రాత. మీ సొంత స్కోరులో బెన్ జాన్‌స్టన్ గుర్తులు వాడతారో, హెల్మ్‌హోల్ట్జ్-ఎల్లిస్ గుర్తులు వాడతారో మీ ఇష్టం (రెండూ జస్ట్ ఇంటొనేషన్ రాసే పద్ధతులే). బ్యాండుకిచ్చే పార్టులో అవేమీ ఉండకూడదు. సరిగమ అక్షరం, దాని కింద వాల్వు, పక్కన అనుస్వరం అంకె, అవసరమైతే రింగుకు ఒక గుర్తు. మన వైపు బ్యాండుల్లో కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో సరిగమలు రాసుకుంటారు. ఎవరి లిపిలో వాళ్లకు రాసివ్వండి, అంకెలు ఇద్దరికీ ఒకటే.

రచన చింపొద్దు. ప్రతి కార్డు కిందా ఒక్కొక్కరికి ఏ గొట్టం, ఎన్నో అనుస్వరం అని రాసుకుంటూ మొదటి పేజీ నుంచి రండి. ఏ గొట్టానికీ కుదరని స్వరం కనబడితే ముందు ట్రోంబోన్‌కు మార్చి చూడండి, అతనూ ఖాళీగా లేకపోతే ఆ స్వరం తీసేయండి. రెండో పేజీలో యుఫోనియంలకు 1-2 తో రాసిన ధైవతాలన్నీ ఎలాగూ పోతాయి, అక్కడ 5/3 కావాలి, వాళ్ల వాయిద్యంలో 1-2 దాని దగ్గరికి రాదు. వాటిని ట్రంపెట్‌కు మూడో వాల్వుతో ఇచ్చి, కింద యుఫోనియం చేత ఒకటో వాల్వు మధ్యమం పట్టించండి. మార్చిన పార్టులు పెడితే యుఫోనియం వరసలు నేను చూసి చెబుతాను.